పథ్యం ఇద్దరిదీ

మన ఇళ్ళల్లో జబ్బు సంగతి తెలియగానే ముందు కదిలేది వంటిల్లు. డాక్టరు రాసిచ్చిన మందులు ఇంకా సంచీలో ఉండగానే ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అన్న చర్చ మొదలవుతుంది. జ్వరానికి లంఖణం, కామెర్లకు నూనె లేని కూడు, బాలింతకు వేరే కారం, వేరే చారు. పథ్యం చెప్పని వాణ్ణి మన పెద్దలు వైద్యుడిగానే లెక్కపెట్టలేదు. మందు ఎంత చేదుగా ఉంటే, పథ్యం ఎంత కఠినంగా ఉంటే, గుణం అంత బాగా ఇస్తుందని నమ్మిన వంశాలు మనవి.

అలా పెరిగిన భార్యాభర్తలకు ఒక డాక్టరు ‘మానాల్సింది పెద్దగా ఏమీ లేదు, అన్నీ తినండి, కొన్ని మాత్రం మార్చుకోండి’ అని చెప్పాడనుకోండి. అంతకంటే చిక్కు మాట ఇంకొకటి ఉండదు. ఆ చిక్కు గురించే ఈ నాలుగు మాటలు. నేను వైద్యుణ్ణి కాదు. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళు దాటి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. అంకె కనిపిస్తే కూడి చూసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. కనుక ఇందులో ఎవరికీ మందు చెప్పడం లేదు. మా ఇంట్లో, నాకు తెలిసిన మరి రెండు మూడు ఇళ్ళల్లో జరిగింది చెబుతున్నాను.

మేముండేది వేలూరు పక్కన బాగాయంలో. క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి ఊరి నడుమ ఉంటే, కళాశాల ఇక్కడ కొండల కింద ఉంది. 1900లో ఇడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం, 1918లో ఆడపిల్లల వైద్య పాఠశాలయి, ఈనాటికి ఇంతయింది. 2022లో రాణిపేట దగ్గర ఇంకో పెద్ద ఆవరణ కూడా తెరిచారు. బాగాయంలోనే వాళ్ళ మానసిక వైద్యశాల ఉంది. 1950లలో అది మొదలైనప్పటి నుంచి అక్కడ ఒక పద్ధతి పాటిస్తున్నారు. రోగి ఒక్కణ్ణే చేర్చుకోరు, ఇంట్లోవాళ్ళు ఒకరు కూడా వచ్చి ఉండాలి, వైద్యంలో పాలు పంచుకోవాలి. ఆ గేటు ముందు నుంచి ఎన్నో ఏళ్ళు నడిచాను. మనసు జబ్బుకు కట్టిన ఆ పద్ధతి ఒంటి జబ్బుకు కూడా అంతే అవసరమని ఇప్పుడు తెలుస్తోంది.

2023లో, నాకు యాభై నాలుగో ఏట, పౌరుష గ్రంథికి కాన్సరు అని తేలింది. దీన్నే ప్రోస్టేట్ అంటారు. మూత్రాశయం కింద అక్రోటుకాయంత ఉండే గ్రంథి. తెలుగులో దీనికి ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, రోగం వచ్చినవాడు ఆ పేరు పైకి చదువుకోవడానికే సంకోచిస్తాడు. రక్తంలో పి.ఎస్.ఎ. అనే అంకె పెరిగింది, ముక్క తీసి పరీక్ష చేశారు, బొమ్మలు తీశారు. ఎముకలకు పాకలేదు, అంతవరకు మేలు. నాలుగు వారాలు కిరణాల చికిత్స, రెండేళ్ళపాటు మూడు నెలలకొక హార్మోను సూది అని నిర్ణయించారు.

ఆ సూది సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా వంటింట్లో తగువంతా దానివల్లే వచ్చింది. మగవాడి ఒంట్లో ఊరే టెస్టోస్టెరాన్ అనే హార్మోనే ఈ కాన్సరుకు మేత. దాన్ని ఆపితే రోగం తగ్గుతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆనాడు వృషణాలు తీసేసేవారు, ఈనాడు సూది ఉంది. కానీ ఆ హార్మోను రోగానికే కాదు, మనిషికీ మేత. అది ఆగిపోతే కండ తగ్గుతుంది, కొవ్వు పెరుగుతుంది, ముఖ్యంగా నడుం చుట్టూ. చక్కెర, కొలెస్టరాలు పెరగవచ్చు. ఎముక పలచబడుతుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడి ఆవిర్లు వస్తాయి. కోరిక తగ్గిపోతుంది. అంటే పెద్ద శత్రువును కొట్టడానికి తెచ్చిన సైన్యం మన పొలంలోనే విడిది చేస్తుందన్నమాట. దాన్ని భరించే తిండి తినాలి. ఆహారం మార్చుకోమని డాక్టరు చెప్పడం ఇందుకు.

కానీ మా ఇంటావిడ విన్నది వేరు. ఆమెకు వినిపించింది ‘కాన్సరు’, ‘ఆహారం’ అన్న రెండు మాటలే. తిండిలో ఏదో ఉంది, అది కనిపెట్టి పెడితే రోగం పోతుంది, కనిపెట్టకపోతే తన చేతులారా పెంచినట్టవుతుంది. ఇదీ ఆమె లెక్క.

మా ఆవిడది పలమనేరు వైపు. మా పిల్లలు తమిళంలో చదివారు, ఆమె మాత్రం లెక్కయినా, చిట్టా అయినా తెలుగులోనే రాస్తుంది. ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొని నడుమ గీత గీసి, ఒకవైపు ‘పెట్టవలసినవి’, ఇంకోవైపు ‘వద్దు’ అని రాయడం మొదలుపెట్టింది. రిపోర్టులు ఇంగ్లీషు, ఆస్పత్రిలో మాటలు తమిళం, ఆమె భయం మాత్రం తెలుగు. ఫోను చేసిన ప్రతివాళ్ళూ ఆ పుస్తకంలో ఒక వాక్యం చేర్చారు. తిరుత్తణి నుంచి మా పెద్ద వదిన ‘వంకాయ మాన్పించమ్మా, అది కాక’ అంది. వేలూరు జిల్లా ముళ్ళ వంకాయకు 2023లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరంతా ఆ సంబరంలో ఉంటే మా ఇంట్లో దానికి బహిష్కరణ. బెంగుళూరు నుంచి మా బావమరిది ‘పాలూ పెరుగూ ముట్టనీకు’ అన్నాడు. హోసూరు నుంచి ఒక స్నేహితుడు ‘రోజూ దానిమ్మ రసం, పసుపు ముద్ద’ అన్నాడు. చక్కెర కాన్సరుకు తిండి అని ఒకరు, టమోటా ఉడికించి పెడితే చాలని ఒకరు, టమోటా ముట్టకూడదని ఇంకొకరు. మూడో వారానికి ‘వద్దు’ అన్న వైపు పేజీ నిండి పక్క పేజీకి పోయింది. ‘పెట్టవలసినవి’ వైపు అయిదారు వరసలు మిగిలాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో భోజనం అంటే ఒక తనిఖీ. ఆవిడ వడ్డించి ఎదురుగా కూర్చునేది. నేను ఎంత తింటే అంత బతుకుతానన్నట్టు చూసేది. ఒక రాత్రి పెరుగు లేని అన్నం, ఉప్పు తగ్గిన పప్పు, ఉడకబెట్టిన బీరకాయ ముందు పెట్టి ‘ఇంకొంచెం తినండి’ అంది.

‘ఆకలి లేదు’ అన్నాను.

‘ఆకలి కోసమా తినేది?’ అంది.

అది మామూలు మాటే. కానీ ముప్పై ఏళ్ళ సంసారంలో తిండి గురించి మా ఇద్దరి నడుమ అటువంటి మాట రాలేదు. ఉగాదికి ఓళిగలు, ఆదివారం మాంసం, వానాకాలం సాయంత్రం వేయించిన చెనిక్కాయలు, ఇవన్నీ మేమిద్దరం ఒకరికొకరం ఇచ్చుకున్నవి. అటువంటిది తిండి ఒక విధి అయిపోయింది. ఆమె పెట్టడం విధి, నేను మింగడం విధి.

నాకు అంకెల జబ్బు ఉంది కనుక, ఏ తిండికి ఏ రుజువు ఉందో చదవడం మొదలుపెట్టాను. రెండు సంగతులు దొరికాయి. ఒకటి, అమెరికాలో 2001లో మొదలైన పెద్ద పరీక్ష. ముప్పై అయిదు వేలమందికి పైగా మగవాళ్ళకు విటమిన్ ఇ, సెలీనియం మాత్రలు ఇచ్చి ఈ కాన్సరు రాకుండా ఆపుతాయేమో చూశారు. ఆపలేదని 2008లో మాత్రలు నిలిపేశారు. 2011 నాటికి ఇంకో సంగతి తేలింది. విటమిన్ ఇ మాత్రమే తిన్నవాళ్ళలో ఈ కాన్సరు నూటికి పదిహేడు పాళ్ళు ఎక్కువగానే వచ్చింది. మంచిదనుకున్న మాత్ర చెరుపు చేసింది. రెండోది 2020లో వెలువడింది. కాన్సరు మెల్లగా ఉండి, వైద్యం మొదలుపెట్టకుండా కనిపెట్టి చూస్తున్న 478 మంది మగవాళ్ళలో సగంమందికి, రోజుకు ఏడు వంతులకు తక్కువ కాకుండా కూరగాయలు తినమని ఫోనులో వెంటపడి చెప్పారు. వాళ్ళు తిన్నారు కూడా. రెండేళ్ళ తర్వాత చూస్తే రోగం ముదరడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది ఆవిడకు చదివి వినిపించాను. నోటుపుస్తకం భారం దిగుతుందని నా ఉద్దేశం. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: ‘అయితే నేను చేసేదానికి ఫలితమే లేదంటారు. సూది వాళ్ళు వేస్తారు, కిరణాలు వాళ్ళు పెడతారు. నేనేం చేయాలి, కూర్చుని చూడాలా?’

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా నిజానికి ఆ ప్రశ్నలో ఉంది. రోగికి చేయడానికి పని ఉంటుంది. పరీక్షకు పోతాడు, సూది వేయించుకుంటాడు, నొప్పి పడతాడు. పక్కనున్న మనిషికి ఏ పనీ లేదు. మన ఆడవాళ్ళ చేతిలో ఉన్న ఒకే ఒక్క మందుల కొట్టు వంటిల్లు. అది పనికిరాదంటే చేతులు కట్టేసినట్టే. వంటింట్లో ఆమె పట్టుదల చూసి విసుక్కునే మగవాళ్ళు, ఆ పట్టుదల కింద ఏముందో ఒక్కసారి ఆలోచించాలి.

దీనికి జవాబు చెప్పింది ఆస్పత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి. ఇద్దర్నీ కలిసి రమ్మంది. మా ఆవిడ నోటుపుస్తకం ముందు పెట్టి, వరసకు వరస తమిళంలో చదివి వినిపించింది. ఆ పిల్ల నవ్వలేదు, ఓపికగా విన్నది. తర్వాత ఇలా చెప్పింది: ‘అమ్మా, రోగాన్ని చంపడానికి తిండి వెతకొద్దు, అది మా పని. సూది ఈయన ఎముకనూ కండనూ తినేయకుండా చూడడం మీ పని. అది మేము చేయలేము.’

ఆ మాటతో లెక్క మారింది. ఇంతకుముందు ఫలితం కనిపించని పద్దులో ఆమె ఖర్చు పెడుతోంది. ఇప్పుడు పద్దు మారింది, ఫలితం కూడా కంటికి కనిపించేదే. నడుం కొలత, తూకం, చక్కెర, ఎముక పరీక్ష. రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంది. వంద గ్రాముల రాగుల్లో ఇంచుమించు 350 ఉంటుందనీ, వంద మిల్లీలీటర్ల పాలల్లో 120 దాకా ఉంటుందనీ చెప్పగానే మా ఆవిడ మొహం వెలిగింది. రాగి సంగటి పుట్టింటి తిండి. పెళ్ళయి ఈ ఊరికొచ్చాక, బ్యాంకు ఆఫీసరు ఇంట్లో సంగటేమిటని మా అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ కుండ పొయ్యి ఎక్కలేదు. ఆడి మాసంలో అమ్మవారి గుడి దగ్గర పోసే కూళు తాగడమే. అటువంటి సంగటి ఇప్పుడు డాక్టరు చీటీతో ఇంట్లోకి తిరిగొచ్చింది.

ఆ పిల్ల చివర్లో మా ఆవిణ్ణి అడిగింది: ‘మీరేం తింటున్నారు?’

మా ఆవిడ ‘ఈయనకు పెట్టిందే’ అంది. పెరుగు మానింది, పాలు మానింది, గుడ్డు మానింది. ఆయన తిననిది నాకెందుకు అన్న ధోరణి. తూకం చూస్తే అప్పటికి నాలుగు కిలోలు తగ్గింది. సూది నాకు, బక్కచిక్కింది ఆమె.

‘మీ వయసు?’

‘యాభై రెండు.’

‘నెలసరి నిలిచి ఎన్నాళ్ళయింది?’

ఆమె నా వైపు ఓరగా చూసి ‘నాలుగేళ్ళు’ అంది.

‘అయితే మీ ఎముకకూ ఇదే కథ. ఈయనకు సూదితో ఆగింది మీకు వయసుతో ఆగింది. ఈ చీటీ ఇద్దరిదీ’ అంటూ నా పేరు పక్కన ఆమె పేరు కూడా రాసింది.

ఆ వేసవిలోనే నాకు వేడి ఆవిర్లు మొదలయ్యాయి. వేలూరు ఎండ సంగతి మీకు తెలుసు, దానికి తోడు లోపలి ఎండ. అర్ధరాత్రి లేచి కూర్చుని చెమటలు తుడుచుకుంటుంటే ఆవిడ లేచి, తడి తువ్వాలు తెచ్చి మెడ మీద వేసి, ఉన్నట్టుండి నవ్వింది. ‘ఇది నాకు మూడేళ్ళు ఉండింది’ అంది. ‘మా అమ్మకూ ఉండింది. ఆడవాళ్ళు దీన్ని జబ్బని చెప్పుకోరు.’ ఏం చేస్తే తగ్గుతుందో ఆమెకు అప్పటికే తెలుసు. రాత్రి కారం, వేడి కాఫీ తగ్గించడం, పలచని నూలు దుప్పటి, మంచం పక్కన చల్లని మజ్జిగ. ఏ పుస్తకంలోనూ చూడనక్కరలేకపోయింది. మూడు దశాబ్దాల సంసారంలో ఆమె ఒంటి సంగతి నా ఒంటి ద్వారా నాకు తెలియడం అదే మొదలు. ఈ వయసులో మొగుడూ పెళ్ళాలు ఒకే ఒడ్డుకు చేరతారని అంటారు గానీ, ఇలా చేరతామని ఎవరూ చెప్పలేదు.

కిరణాల చికిత్స జరిగిన నాలుగు వారాలూ తిండి వేరు. మూత్రాశయం నిండుగా, పేగు ఖాళీగా ఉండాలి. అప్పుడే కిరణాలు పడవలసిన చోట పడతాయి. చెప్పిన వేళకు చెప్పినన్ని నీళ్ళు తాగి, బిగబట్టి కూర్చోవాలి. వాయువు చేసేవన్నీ, అంటే శెనగలు, అలసందలు, క్యాబేజి, ముల్లంగి, ఆ నెలకు పక్కన పెట్టాలి. ఇది అసలైన పథ్యం, దీనికి కారణమూ గడువూ ఉన్నాయి. మా ఆవిడ క్యాలెండరులో ఒక్కో రోజూ కొట్టేస్తూ వచ్చింది. గడువున్న పథ్యం మనిషి ఎంతైనా చేస్తాడు. ‘ఇక జన్మంతా’ అన్నప్పుడే ఎదురు తిరుగుతాడు.

ఆ నాలుగు వారాల్లో ఎదురుచూసే బెంచీ మీద ఎన్నో సంసారాలు చూశాను. వేలూరు ఆస్పత్రి వీధుల్లో తమిళం బోర్డుల పక్కనే బెంగాలీ బోర్డులు ఉంటాయి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు నెలలకొద్దీ లాడ్జీల్లో పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. అలా వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య నాకు పరిచయమయ్యారు. నా బ్యాంకు హిందీ, వాళ్ళ బెంగాలీ హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. నూనె తగ్గించమన్నారట. ఆమె ఆవనూనె సీసా మూతతో కొలిచి చేపకు ఒక్క మూతే వేస్తుంది. ఆయన రోజూ మాకు ఫిర్యాదు చేసేవాడు: ‘చేప నీళ్ళల్లో పుట్టింది, నీళ్ళల్లోనే చచ్చింది, మళ్ళీ నీళ్ళల్లోనే వండుతోంది.’ ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఊరు విడిచి, భాష విడిచి వచ్చినా ఆ చేపను మాత్రం వాళ్ళు విడవలేదు. మాన్పించకుండా కొలత తగ్గించడం ఎంత తెలివైన పనో ఆమెను చూసి మా ఆవిడ నేర్చుకుంది. ఆ రోజు సాయంత్రం ముళ్ళ వంకాయలు మళ్ళీ మా ఇంటికొచ్చాయి. నూనెలో తేలేటట్టు కాదు, రెండు చెంచాల నూనెతో, చెనిక్కాయ పొడి కూరి.

గుడియాత్తం సంగతి వేరు. నేనక్కడి శాఖలో పనిచేసిన రోజుల్లోనే ఇది జరిగింది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు చెప్పను. లుంగీలు నేసే ఒకాయనకు ఇదే రోగం, ఎముకకు కూడా పాకింది. భార్య బీడీలు చుడుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మనలాంటివాళ్ళే. ఒకరోజు ఆమె మెడలో గొలుసు తాకట్టుకు తెచ్చింది. నగల అప్పు మాకు రోజూ ఉండేదే, ఎందుకని అడగనక్కరలేదు. అయినా ఆమే చెప్పింది. ఎవరో కాన్సరుకు పొడి అమ్ముతున్నారట, దాంతో పాటు విదేశీ ప్రొటీను డబ్బాలు. మూడు నెలల సరుకు ఆమె ఆరు నెలల బీడీల కూలి.

‘ఆయనకు మంచి తిండి పెట్టలేకపోతున్నానన్నా’ అంది. ‘అందుకే ఇట్లా అయిందని అత్తగారు అంటా ఉంది.’

నాకూ అదే జబ్బని, నేనూ సూది వేయించుకుంటున్నానని ఆ కిటికీ దగ్గరే చెప్పాను. ఆమె గొలుసు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. తర్వాతి వారం భార్యాభర్తలిద్దరూ మా ఆవిడతో కలిసి ఆహారం చూసే అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళకు దొరికిన జవాబు: రేషనులో వచ్చే కందిపప్పు, రోజుకొక గుడ్డు, గుప్పెడు చెనిక్కాయలు, పెరట్లో మునగాకు, పొద్దున రాగి కూళు. ఆ పొడి అక్కరలేదు. దాంట్లో ఏం కలిపారో తెలియదు కనుక, మింగే మాత్రలతో పొసగకపోతే కాలేయానికి చేటు కూడా. కాలేయానికి ముప్పు తెచ్చే మాత్ర ఆయన అప్పటికే మింగుతున్నాడు.

ఆ మాత్రతో ఇంకో చిక్కు. దాన్ని పరగడుపున మింగాలి, మింగిన గంట దాకా ఏమీ తినకూడదు. తిండితో మింగితే ఒంటికి పట్టే మోతాదు అనుకోనంత పెరిగిపోతుంది. నేతగాడు తెల్లవారుజామున కూళు తాగి మగ్గం ఎక్కేవాడు. ఇప్పుడు భార్య నాలుగున్నరకే లేచి మాత్ర ఇస్తుంది. ఆయన గంటసేపు మగ్గం నేస్తాడు, అప్పుడు కూళు. ఆ గంటా ఆమె ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతుంది. ‘ఇన్నేళ్ళల్లో ఇంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది లేదన్నా’ అంది ఒకసారి. గొలుసు ఆమె మెడలోనే ఉంది. అంతకంటే పెద్ద లాభం మా శాఖ లెక్కల్లో చూపలేను గానీ, నాకు తృప్తినిచ్చిన పద్దు అది.

చిత్తూరు వైపు నుంచి వచ్చే ఒక రిటైరయిన పంతులుగారిది ఇంకో దారి. భార్యకు మోకాళ్ళ నొప్పులు, నిలబడి వండలేదు. రోగం వచ్చాక ఆయనే వంట నేర్చుకున్నాడు. ‘నా పథ్యం నేనే వండుకుంటే ఎవరి మీదా కోపం ఉండదు’ అంటాడు. ఆమె పీట మీద కూర్చుని ఉప్పెంతో చెబుతుంది, ఆయన ఆ మాట మీద సగం వేస్తాడు. మగవాళ్ళందరికీ ఇది చేతకాకపోవచ్చు. కానీ కూరగాయలు తరగడానికి, రాగిపిండి కలియబెట్టడానికి ఏ డిగ్రీ అక్కరలేదు. సంగటి గెలకడం మంచి వ్యాయామమని మా ఇంట్లో తేలింది. కండ తగ్గకుండా బరువు మోసే కసరత్తు చేయమని డాక్టరు చెప్పాడు కదా, ఆ తెడ్డు ఇప్పుడు నా చేతికొచ్చింది.

ఇన్ని సంసారాలు చూశాక నాకు తోచింది ఇది. మొగుడు చెప్పినట్టే భార్య వండితే రుచి ఉంటుంది, భద్రం ఉండదు. భార్య చెప్పినట్టే మొగుడు మింగితే భద్రం ఉంటుంది, సంసారం ఉండదు. ఇద్దరూ కలిసి డాక్టరు ముందు కూర్చుని, ఒకే మాట ఇద్దరి చెవులా విని, ఇంటికొచ్చి ఎవరు ఏది వదులుకుంటారో, ఎవరు ఏది వదులుకోలేరో మాట్లాడుకుంటేనే అది నడుస్తుంది. మా ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది. రోజూ ఒక పూట సంగటి, ఏదో ఒక ఆకుకూర. పెరుగు ఉంటుంది, గ్లాసులకొద్దీ పాలు ఉండవు. అన్నం గిన్నె చిన్నది. ఆదివారం మాంసం నెలకొకసారి, మిగతా ఆదివారాలు చేపో కోడో. ఆంబూరు బిర్యానీ ఏడాదికి రెండుసార్లు, ఇద్దరం కలిసి పోయి తినాలి. ఉగాది ఓళిగ మీద చర్చ లేదు. పొద్దున అరగంట కొండ దారిన నడక, ఇద్దరికీ. కాల్షియం, విటమిన్ డి మాత్రలు డాక్టరు రాసిచ్చినన్ని, అంతే. విన్నవీ కన్నవీ కొనేది లేదు. నోటుపుస్తకంలో ‘వద్దు’ అన్న రెండు పేజీలనూ ఆవిడే చింపేసింది.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తేనే మంచిది. ఈ సూది మొగుడూ పెళ్ళాల నడుమ ఇంకో సంగతిని కూడా ఆపేస్తుంది. దాన్ని గురించి మన ఇళ్ళల్లో నోరు విప్పరు. ఆ మాట్లాడుకోనిదంతా వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. ‘ఉప్పు ఎక్కువైంది’, ‘తినకుండా లేస్తారేం’ అన్న మాటల కింద చాలాసార్లు ఉప్పూ ఉండదు, తిండీ ఉండదు. తాను పనికిరాకుండా పోయానన్న దిగులు ఆయనది, దగ్గరికి పోతే నొచ్చుకుంటాడేమోనన్న జంకు ఆమెది. డాక్టర్లను అడిగితే దానికీ సలహా చెబుతారు, సిగ్గుపడవలసింది లేదు. ఏమీ చేయలేని రోజున కూడా చేయి పట్టుకోవడానికి, పక్కన కూర్చుని తినడానికి ఏ హార్మోనూ అక్కరలేదు.

సూదులు ఈ మధ్యనే పూర్తయ్యాయి. ఆపిన హార్మోను మళ్ళీ ఊరడానికి నెలలు పడుతుందట, కొందరికి పూర్తిగా రాదట. పి.ఎస్.ఎ. ఇప్పుడు బాగా తక్కువగా ఉంది. కానీ అది మూడు నెలలకొకసారి తీసే అంకె, దాన్ని ఎవరూ ముందుగా రాయలేరు. మా ఎముక పరీక్షలు మాత్రం ఇద్దరివీ వచ్చాయి. నాది పెద్దగా తగ్గలేదు. ఆమెదే నాకంటే పలచన. ఇప్పుడు ఆమెకు కూడా డాక్టరు మందు రాశాడు. రాత్రి భోజనం దగ్గర ఎదురుగా కూర్చుని చూసే పని ఇప్పుడు నాది.

‘ఇంకొంచెం తిను’ అంటాను.

‘ఆకలి లేదు’ అంటుంది.

సంగటి ముద్ద చిన్నదిగా చేసి ఆమె తట్టలో పెడతాను. తింటుంది.